పిల్లల తప్పులు ఎవరు చదువుతారు?



నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నాటిది. నరసింహ పత్తి, నంద్యాల సోనా వరి, యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా ఎదిగే ఎన్‌బీఈజీ-47 శనగ, ఇవన్నీ అక్కడ తయారైన రకాలే. శాస్త్రవేత్త చెప్పినంత మాత్రాన రైతు వీటిని చేలో చల్లలేదు. తనకు తెలిసిన జేజీ-11 శనగ పక్కనే కొత్త శనగ వేసి, ఒకే నేల, ఒకే తడి, ఒకే ఎరువు పెట్టి, కోతయ్యాక రెండింటినీ తూకం వేస్తే అప్పుడు నమ్మాడు. పోలిక కోసం పక్కన వేసే పాత రకాన్ని పరిశోధనా స్థానంలో ‘చెక్’ అంటారు. చెక్ లేకుండా ‘ఈ విత్తనం బ్రహ్మాండం’ అంటే నల్లరేగడి రైతు అడిగేది ఒకటే: దేనికంటే?

అదే రైతు కొడుకు చదివే బడిలో ఈ ప్రశ్న చాలా అరుదుగా వినిపిస్తుంది. కొత్త బోధనా పద్ధతి వస్తుంది. దానితో పాటే ఐదు రోజుల శిక్షణ, ఒక మాడ్యూలు, ఒక యాప్, అప్‌లోడ్ చేయాల్సిన ఫొటోలు వస్తాయి. మూడేళ్లకు ఇంకో పద్ధతి వచ్చి పాతది అటకెక్కుతుంది. పాతదాని వల్ల పిల్లలకు నాలుగు ముక్కలు ఎక్కువ వచ్చాయా, రాలేదా అన్న లెక్క ఎవరి దగ్గరా ఉండదు. సీనియర్ టీచర్లు కొత్త శిక్షణలో వెనక బెంచీలో కూర్చుని నవ్వుకుంటారంటే ఆ నవ్వుకు కారణం ఉంది.

మడులను చీటీలు వేసినట్టు పంచి పోల్చే పద్ధతికి 1920లలో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పొలాల్లో రొనాల్డ్ ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త పునాది వేశాడు. పొలంలో పుట్టిన ఆ పద్ధతి 2005లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పెద్ద ఎత్తున అమలైంది. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేసిన ఆ అధ్యయనాన్ని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నడిపారు. ఉమ్మడి రాష్ట్రంలోని మూడు ప్రాంతాల నుంచి ఐదు జిల్లాలను, వాటిలో 50 మండలాలను, 500 పల్లె ప్రాథమిక బడులను తీసుకున్నారు. రాయలసీమ వంతుగా కడప జిల్లా వచ్చింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాటి, చాగలమర్రి దాటి, దువ్వూరు వైపు వెళ్తే వచ్చే జిల్లా అదే. నేలా, పంటా, పిల్లల మాటా ఇటూ అటూ ఒక్కటే. కాబట్టి అక్కడ తేలిన సంగతి నంద్యాల జిల్లా టీచర్లకు పరాయిది కాదు.

ఆ 500 బడులను లాటరీ పద్ధతిలో వంద చొప్పున పంచారు. ఒక వంద బడులకు అదనంగా ఒక్కో విద్యా వాలంటీరును ఇచ్చారు. ఇంకో వందకు పుస్తకాలు, పలకలు, సామగ్రి కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చారు. మరో రెండు వందల బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ అన్నారు. వాటిలో సగం బడుల్లో ఎవరి పిల్లల ఫలితాన్ని బట్టి వాళ్లకు, మిగతా సగంలో బడి మొత్తం ఫలితాన్ని బట్టి అందరికీ. చివరి వంద బడులు చెక్ మడులు.

ఆ చెక్ మడుల దగ్గరే ఒక చిక్కు ఉంది. 500 బడుల్లోనూ విద్యా సంవత్సరం మొదట్లో పరీక్ష పెట్టారు. తర్వాత ఏ పిల్లవాడు ఏ నైపుణ్యంలో ఎక్కడ ఆగాడో, ఇతర బడులతో పోలిస్తే ఈ బడి ఎక్కడుందో వివరంగా నివేదిక రాసి టీచర్ల చేతికిచ్చారు. దాన్ని ఎలా చదవాలో కూడా చెప్పారు. ఫౌండేషన్ మనుషులు అప్పుడప్పుడు వెళ్లి తరగతి వెనక కూర్చుని పాఠం గమనించారు. అంటే ‘ఏమీ ఇవ్వలేదు’ అనుకున్న వంద బడులకు కూడా పరీక్ష, నివేదిక, పరిశీలన అందాయి. ఇదీ ఒక మందే కదా? దీని ప్రభావం తేలాలంటే ఇవేవీ అందని బడులు కావాలి. అందుకని ఏమీ చేయని మరో 300 బడులతో వీటిని పోల్చారు. చెక్‌కే ఇంకో చెక్ అన్నమాట.

ఫలితం వచ్చాక మింగుడుపడని సంగతి ఒకటి బయటపడింది. నివేదికలు అందిన వంద బడుల్లో, పరిశీలకులు వెళ్లినప్పుడు టీచర్లు ఎక్కువ చురుగ్గా పాఠం చెబుతూ కనిపించారు. ఏడాది చివరి పరీక్షలో పిల్లలకు మాత్రం ఆ 300 బడుల కన్నా ఒక్క మార్కూ ఎక్కువ రాలేదు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆ నివేదికలు నాసిరకం కావు. ప్రశ్నపత్రాలను తయారు చేసింది ఎడ్యుకేషనల్ ఇనీషియేటివ్స్ అనే పేరున్న సంస్థ. అయినా అవి బీరువాలోకి వెళ్లాయి. బోనస్ బడులకు కూడా సరిగ్గా ఇవే నివేదికలు అందాయి. అక్కడ మాత్రం, నివేదిక తమకు పనికొచ్చిందని చెప్పిన టీచర్ల పిల్లలకు మార్కులు ఎక్కువ వచ్చాయి. కాగితం అదే, అందులోని అంకెలూ అవే. దాన్ని తెరిచి చూడడానికి ఒక చోట కారణం ఉంది, ఇంకో చోట లేదు.

బోనస్ సంగతి కూడా చెప్పుకోవాలి. పిల్లల సగటు మార్కులు 5 శాతాన్ని మించి పెరిగితే, ఆపైన పెరిగిన ప్రతి శాతానికీ 500 రూపాయలు. సగటున చూస్తే అందింది ఏడాది జీతంలో 3 శాతం దాకా. రెండేళ్లకు ఆ బడుల్లోని సగటు పిల్లవాడు లెక్కల్లో, వందమంది వరుసలో 50వ స్థానం నుంచి సుమారు 60వ స్థానానికి ఎదిగినట్టు తేలింది. భాషలో పెరుగుదల అంతకంటే తక్కువ, అయినా లెక్కలోకి వచ్చేదే. బోనస్ లెక్కలో లేని సైన్సు, సాంఘికశాస్త్రాల్లో కూడా పిల్లలు ముందున్నారు. వింతేమిటంటే, టీచర్లు సెలవు పెట్టడం గానీ, రాకపోవడం గానీ తగ్గలేదు. వచ్చిన రోజుల్లో చేసే పని మారింది: అదనపు తరగతులు, హోంవర్కు, పరీక్షలకు సాధన, వెనకబడిన పిల్లల మీద కన్ను. ఆ బోనస్ పద్ధతి రాష్ట్రమంతటా విధానంగా మారలేదు. మారకపోవడమే మేలేమో కూడా. మార్కుకు డబ్బు కట్టడం మొదలైతే మార్కుల సంగతి ఏమవుతుందో ఊహించడానికి పరిశోధన అక్కర్లేదు. అయితే ఆ ప్రయోగం చెప్పిన మరో మాట మిగిలే ఉంటుంది: ఆ టీచర్లకే, ఆ పిల్లలతోనే, కొత్త భవనం, కొత్త పుస్తకం లేకుండానే ఇంకా ఎక్కువ చేయడం సాధ్యమైంది.

విద్యా వాలంటీర్ల వంద బడుల్లోనూ పిల్లలు ముందుకెళ్లారు. వాలంటీర్ల జీతం రెగ్యులర్ టీచరు జీతంలో సుమారు అయిదో వంతు. బడికి రాని రోజులు రెగ్యులర్ టీచర్లకు 27 శాతం అయితే వాలంటీర్లకు 18 శాతం. టీచర్ల సంఘాలకు ఈ అంకెలు నచ్చలేదంటే అర్థం చేసుకోవచ్చు. తక్కువ జీతానికి మనిషి దొరుకుతాడని చూపించే అంకెను ప్రభుత్వాలు ఏ పనికి వాడతాయో వాళ్లకు తెలుసు. డబ్బు ఇచ్చిన బడుల కథ ఇంకా ఆసక్తికరం. మొదటి ఏడు చెప్పకుండా ఇచ్చినప్పుడు పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడు, డబ్బు వస్తుందని ముందే తెలిసేసరికి, తల్లిదండ్రులు పుస్తకాలకూ పెన్నులకూ తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. ఆ ఏడు మార్కుల్లో పెరుగుదల కనిపించలేదు. బడికి ఇచ్చిన రూపాయి ఇంటి జేబులో మిగిలింది. పేదవాళ్లు లెక్క తెలియనివాళ్లు కారని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

బీరువాలోకి వెళ్లిన నివేదిక కథ ఒక్క ఆంధ్రదే అనుకోవద్దు. ఇంగ్లండ్‌లో 2011లో ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ అనే సంస్థ మొదలైంది. ఏ బోధనా పద్ధతికి ఎంత రుజువుందో పోగుచేసి బడులకు చెప్పడమే దాని పని. తర్వాత ఆ సంస్థ తన పనినే పరీక్షకు పెట్టుకుంది. 12 వేలకు పైగా ప్రాథమిక బడులను తీసుకుని, చదవడం నేర్పడంపై జరిగిన పరిశోధనల సారాన్ని కొన్నిటికి పుస్తకాలుగా, కొన్నిటికి పత్రికలుగా, ఇంకొన్నిటికి ఇతర రూపాల్లో పంపింది. పంపిన బడుల్లో పిల్లల చదువు పంపని బడుల కంటే మెరుగుపడలేదు.  అక్కడి లైబ్రరీ అరకూ ఇక్కడి బీరువాకూ పెద్ద తేడా లేదు.

నివేదికలే కాదు, మంచి సూత్రాలు కూడా తరగతి దాకా చేరకపోవచ్చు. కర్నూలు, నంద్యాల ప్రాంతాల పాత టీచర్లకు ‘ఆపెప్’ అంటే వెంటనే గుర్తొస్తుంది. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1980లలో చిన్నగా మొదలై, తర్వాత రాష్ట్రమంతటా నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం అది. దానికి ఆరు సూత్రాలు ఉండేవి. టీచరే కృత్యాలు తయారుచేయాలి. పిల్లలు చేసి నేర్చుకోవాలి. ఒక్కొక్కరుగా, గుంపులుగా, తరగతి మొత్తంగా పని చేయించాలి. పిల్లల మధ్య తేడాలు గుర్తించాలి. ఊరి పరిసరాలను వాడుకోవాలి. పిల్లలు చేసిన పనిని గదిలో ప్రదర్శించాలి. ఆరూ మంచి సూత్రాలే. ఈ పథకాన్ని మదింపు చేసిన ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కాలిన్ లేసీ, బారీ కూపర్, హారీ టొరెన్స్‌లు ఇంత పెద్ద మార్పును కొలవడం ఎంత కష్టమో విద్వత్ పత్రికల్లో రాశారు. ఆ కష్టం ఊహించవచ్చు. ఆరో సూత్రం అమలైందా అంటే గది ఈ మూల నుంచి ఆ మూలకు కట్టిన పురికొస, దానికి వేలాడే బొమ్మలు చూసి చెప్పేయొచ్చు. నాలుగో సూత్రం, అంటే పిల్లల మధ్య తేడాలు గుర్తించడం, గోడ మీద కనిపించేది కాదు. తనిఖీకి వచ్చినవాళ్లు సహజంగానే పురికొసను చూస్తారు.    

ఇంతకీ నాలుగో సూత్రం తరగతిలో ఎలా ఉంటుంది? ఒక లెక్క చూద్దాం. మూడో తరగతి. 43లోంచి 17 తీసివేయమన్నారు. జవాబు 26 అని అందరికీ తెలుసు. ఒక పిల్ల 34 అని రాసింది. ఇంకో పిల్లవాడు 36 అన్నాడు. మూడోవాడు 60 అన్నాడు. రిజిస్టరులో ముగ్గురికీ సున్నాయే. కానీ ముగ్గురి జబ్బూ వేరు. 34 రాసిన పిల్ల ఒకట్ల స్థానంలో ఏడులోంచి మూడు తీసింది. ‘పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలి’ అని ఎవరో చెప్పిన మాటను అక్షరాలా పాటించింది. 36 రాసినవాడు పది అప్పు తెచ్చుకున్నాడు, పదుల దగ్గర దాన్ని తగ్గించడం మరిచాడు. వాడికి కావాల్సింది ఒక్క నిమిషం. 60 అన్నవాడు గుర్తు చూడకుండా కూడేశాడు. మొదటి పిల్లకు మాత్రం పుల్లల కట్టలు తీసి, నాలుగు కట్టలూ మూడు పుల్లలూ ముందు పెట్టి, ఒక కట్ట విప్పించాలి. ‘తీసివేతలో తరగతి సగటు 40 శాతం’ అన్న నివేదికలో ఈ ముగ్గురూ కలిసిపోతారు. విడిగా కనిపించేది నోటుబుక్కులోనే, అదీ టీచరు ఆ తప్పును చదివితేనే.

తెలుగు చదవడంలో ఇంతకంటే స్పష్టంగా తెలుస్తుంది. క గుణింతం కకా కికీ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే పిల్లవాడికి మధ్యలోంచి ‘కొ’ ఒక్కటి చూపించి ఏమిటంటే, మనసులో మొదటినుంచి లెక్కపెట్టుకుంటూ వస్తాడు. ‘చెట్టు’ను ‘చెటు’ అనీ, ‘పుస్తకం’ను ‘పుసకం’ అనీ చదివేవాళ్లకు అక్షరం వచ్చు, ఒత్తు రాలేదు. బెంగుళూరులో సొనాలీ నాగ్ కన్నడ పిల్లల మీద చేసిన పరిశోధన ఈ విషయంలో తెలుగు టీచర్లకు నేరుగా పనికొస్తుంది. గుణింతాలు, ఒత్తులతో కూడిన మన లిపుల్లో అక్షరాలన్నీ పట్టుబడడానికి ఒకటి రెండేళ్లు చాలవు, నాలుగో తరగతి దాకా ఆ పని సాగుతూనే ఉంటుందని ఆమె చూపించారు. ఇంగ్లిషు పిల్లల లెక్కతో, ఒకటో తరగతిలోనే అక్షరాల పని ముగించాలనే సిలబస్ తయారుచేస్తే, రెండో తరగతి టీచరు ‘కింది తరగతిలో సరిగ్గా చెప్పలేదు’ అనుకోవాల్సి వస్తుంది. చెప్పడంలో లోపం లేదు. లిపికి పట్టే సమయం అంత.

రుజువును తరగతిలోనే పుట్టించి, తరగతిలోనే వాడిన ఉదాహరణ రాయలసీమలోనే ఉంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ పల్లె బడుల్లో పద్మనాభరావు, రమ దంపతులు పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన లాంటి వరుసలో పేర్చారు. పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో వాడికే తెలుస్తుంది. టీచరుకు వేరే నివేదిక అక్కర్లేదు. ఒకే గదిలో ఐదు తరగతులు, ఒకే టీచరు ఉన్నా బడి నడుస్తుంది. ఇది 1990లలో కర్ణాటకలో ‘నలి కలి’గా, తర్వాత తమిళనాడులో కృత్యాధార బోధనగా విస్తరించింది. ప్రథమ్ సంస్థ వడోదర, ముంబైలలో వెనకబడిన పిల్లలను రోజూ కొంతసేపు వేరుగా కూర్చోబెట్టి వాళ్ల స్థాయి నుంచే చెప్పించడం, ఆ పనిని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలు లాటరీ పద్ధతిలో పరీక్షించడం ఇంకో దారి. పిల్లలను తరగతిని బట్టి కాక, చదవగలిగే స్థాయిని బట్టి గుంపులు చేయడం మంచి ఫలితమిస్తుందని ఆ పరిశోధనల వరుస పదేపదే చెప్పింది.

అయితే స్థాయి నిజంగా తెలియాలి కదా. అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్త ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక పెద్ద ప్రయోగం చేశారు. కొన్ని బడుల్లో పరీక్ష కాగితం మీద, టీచర్ల పర్యవేక్షణలో జరిగింది. కొన్నిట్లో ట్యాబ్ మీద జరిగింది. కాగితం మీద వచ్చిన మార్కులు ఉన్నదానికంటే ఎక్కువ చూపించాయి. ట్యాబ్ మార్కులు, బయటివాళ్లు విడిగా పెట్టిన పరీక్షకు దగ్గరగా ఉన్నాయి. టీచర్లు మోసగాళ్లని దీనికి అర్థం తీయడం అన్యాయం. మార్కులు తక్కువొచ్చిన బడికి మెమో, ఎక్కువొచ్చిన బడికి చప్పట్లు అని తెలిసిన చోట ఎవరైనా చేసే పనే అది. పైవాడి కోసం పెట్టే పరీక్షకూ, పిల్లవాడి కోసం పెట్టే పరీక్షకూ మధ్య గోడ కట్టకపోతే రెండూ పాడవుతాయి.

మరి ఆళ్లగడ్డలోనో శిరివెళ్లలోనో ఇద్దరు టీచర్ల బడిలో పనిచేసే మనిషి ఏం చేయగలరు? డీఈడీ, బీఈడీల్లో ‘యాక్షన్ రిసెర్చ్’ అని ఒక రికార్డు రాయిస్తారు. సీనియర్ల రికార్డు తెచ్చి పేర్లు మార్చి రాసేవాళ్లే ఎక్కువ. సమస్య, పరికల్పన, జోక్యం, ముగింపు అన్నీ ఉంటాయి. ఫలితం ఎప్పుడూ విజయమే. ఫలితం రాలేదని రాసిన రికార్డుకు కూడా మంచి మార్కులు వేసే కళాశాల ఒక్కటి వచ్చినా చాలు, ఆ పని మీద గౌరవం కలుగుతుంది.

ఒక్క బడిలో పోలిక కుదరదు. 20 మంది పిల్లల్లో నలుగురు మిరప కోతలకు వెళ్తే లెక్క తారుమారవుతుంది. పరీక్ష రోజు రాని పిల్లలే తరచూ వెనకబడినవాళ్లు కాబట్టి సగటు అబద్ధమాడుతుంది. కానీ స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో కూర్చునే బడులన్నీ కలిస్తే పరిస్థితి వేరు. ఒత్తులు నేర్పడానికి రోజుకు ఇరవై నిమిషాల కొత్త పద్ధతి ఒకటి అనుకుందాం. చీటీలు వేసి సగం బడులు జూలైలో మొదలుపెడతాయి, మిగతావి దసరా సెలవుల తర్వాత. ఏ బడీ నష్టపోదు. ఆలస్యంగా మొదలుపెట్టే బడులే చెక్. దసరాకు ముందు అన్నిచోట్లా అవే 20 పదాలు చదివించాలి: పుస్తకం, చెట్టు, మజ్జిగ, నల్లమల ఇలా. ఏ బడి పిల్లలను ఆ బడి టీచరు కాకుండా పక్క ఊరి టీచరు చదివించాలి. రాని పిల్లల ఇంటికి వెళ్లి చదివించాలి.  తేడా చిన్నదిగా కనిపిస్తే అది పద్ధతి వల్ల వచ్చిందో, కాకతాళీయమో ఇంత కొద్ది బడులతో తేలదని ఒప్పుకుని, మరుసటి ఏడు ఇంకో కాంప్లెక్స్‌ను కలుపుకోవాలి.

ఆ కాగితాలు ఎంఈవో ఆఫీసుకు వెళ్లకూడదు. ఏ యాప్‌లోనూ ఎక్కకూడదు. బడి పేరు పక్కన ర్యాంకు వేయకూడదు. తరువాతి నెల సమావేశంలో చాప మీద పరిచి, ‘పుసకం’ అని చదివిన పిల్లలు ఎందరో, ‘చెటు’ అని చదివిన పిల్లలు ఎందరో టీచర్లే విడదీసి చూసుకోవడానికే అవి.